కస్టమ్స్‌లో ఆగిన గొంతు

గొంతు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి మా బాపు స్వరపేటికను తీసేసినప్పుడు ఆయనకు అరవై ఆరేళ్లు. మెడ కింద ఒక రంధ్రం మిగిలింది. ఊపిరి అందులోంచే ఆడేది. మాట పోయింది. చిట్యాలలో మా ఇంటి ముందుగదిలో మగ్గం మీద నలభై ఏళ్లు కూర్చున్న మనిషి ఆయన. నేస్తున్నంత సేపూ దారిన పోయే ప్రతివాడినీ పలకరించేవాడు. ఆపరేషన్ తర్వాత నూలు కండెలు చుట్టుకుంటూ ఓ మూల కూర్చునేవాడు. నన్ను పిలవాలంటే స్టీలు గ్లాసుతో నేల మీద కొట్టేవాడు. చెప్పేది పెద్దదైతే నేను మా బడి నుంచి తెచ్చిన పలక మీద రాసేవాడు.

మెడకు ఆనించి పెదాలు కదిపితే మాట వినిపించే చిన్న యంత్రం ఒకటుందని హైదరాబాద్‌లో డాక్టర్ చెప్పాడు. ఇక్కడ దాని ధర మాకు అందేలా లేదు. వెతగ్గా వెతగ్గా ఒక విదేశీ వెబ్‌సైట్‌లో చాలా తక్కువకు కనిపించింది. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అడిగితే, "తెప్పియ్యి, ఏమైతది" అన్నాడు. ఫోన్‌లోనే ఆర్డర్ పెట్టాను. సంగతి బాపుకు చెబితే పలక మీద "ఎప్పుడొస్తది?" అని రాశాడు. ఆ మాటను చాలా రోజులు తుడవలేదు.

మూడు వారాల తర్వాత పార్శిల్ కస్టమ్స్ దగ్గర ఆగిందని మెసేజ్ వచ్చింది. ఆ వెనకే రిజిస్టర్ పోస్టులో ఉత్తరం. నిండా ఇంగ్లిష్, మధ్య మధ్య సెక్షన్ల నంబర్లు. ఈ వస్తువు ఏమిటి, ఎవరి కోసం తెప్పించారు, బిల్లు ఏది, డాక్టర్ చీటీ ఏది, మీ గుర్తింపు కార్డు కాపీ పంపండి, పంపకపోతే తదుపరి చర్య తీసుకుంటాం అని ఉంది. నేను సర్కారు బడిలో టీచర్‌ని. "తదుపరి చర్య" అన్న రెండు మాటలు మళ్లీ మళ్లీ చదివాను. అనుమతి లేకుండా వైద్య పరికరం తెప్పించడం నేరమేమో, ఉద్యోగానికే ముప్పేమో అనుకున్నాను. ఎవరికీ చూపకుండా ఆ ఉత్తరాన్ని హ్యాండ్‌బ్యాగు అడుగున దాచాను. నాలుగు రోజులు అట్లాగే మోసుకు తిరిగాను.

అయిదో రోజు రెండో శనివారం, బడి లేదు. మా ఆయన డ్యూటీకి వెళ్లాడు. పదకొండు గంటలప్పుడు ఫోన్ మోగింది.

"కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం. విదేశాల నుంచి మీ పేరు మీద పార్శిల్ వచ్చిందా?"

వచ్చిందన్నాను.

"అందులో మత్తుమందు పొట్లాలు దొరికాయి."

మా బాపుకు మాట్లాడే మిషన్ తెప్పించానని చెప్పబోయాను. అతను విననే లేదు. కాల్‌ని పోలీసు అధికారికి కలుపుతున్నానన్నాడు. వీడియోలో యూనిఫాం వేసుకున్న మనిషి కనిపించాడు. అతని వెనక గోడకు ఏదో ముద్ర ఉంది. మీ మీద కేసు నమోదైంది, విచారణ అయ్యేదాకా ఫోన్ ముందు నుంచి కదలొద్దు, గది తలుపు వేసుకోండి, ఇంట్లో ఎవరికైనా చెబితే వాళ్లనూ అరెస్టు చేస్తాం అన్నాడు. లేచి తలుపుకు గడియ పెట్టాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, ఒక్క ప్రశ్న వేయలేదు. బ్యాగులోని ఆ ఉత్తరమే నా నోరు కట్టేసింది. ఇతను చెప్పేదానికీ ఆ ఉత్తరానికీ నా తల ముడివేసేసింది.

ఏ బ్యాంకులో ఖాతా ఉందని అడిగాడు. చెప్పాను. నగలు ఉన్నాయా అన్నాడు. ఉన్నాయన్నాను. జరిమానా, సుంకం ఇప్పుడే కడితే సాయంత్రానికి పేరు తీసేస్తామన్నాడు. నీళ్లు తాగుతానంటే వద్దన్నాడు.

అప్పుడు బయట గ్లాసు చప్పుడు మొదలైంది. బాపు పిలుస్తున్నాడు.

"ఎవరది?" అన్నాడు యూనిఫాం మనిషి.

"మా బాపు."

"పలకొద్దు."

పలకలేదు. చప్పుడు తలుపు దగ్గరికి వచ్చింది. తర్వాత కిటికీ పరదా కదిలింది. చువ్వల అవతల బాపు ముఖం. నా కళ్లలో నీళ్లు చూశాడు. లోపలికెళ్లి పలక తెచ్చి చూపించాడు. "తలుపు తియ్యి" అని రాసి ఉంది. నేను తల అడ్డంగా ఊపాను. పలకను చువ్వలకేసి కొట్టాడు. నేను ఫోన్ వైపే చూస్తున్నాను.

అంతలో దగ్గు వినిపించింది. ఆపరేషన్ అయినవాళ్ల ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ దగ్గు తెలుస్తుంది. రంధ్రానికి తెమడ అడ్డం పడితే రెండు మూడు నిమిషాల్లో మనిషి నీలమెక్కిపోతాడని దవాఖానలో నాకు నర్సు మరీ మరీ చెప్పింది. కిటికీలో ముఖం లేదు. కింద ఎక్కడో కాళ్లు నేలకేసి కొట్టుకుంటున్న చప్పుడు. నేను లేచాను.

"కూర్చో. లేస్తే ఇప్పుడే జీపు పంపిస్తా" అన్నాడతను.

నిజంగానే ఒక క్షణం ఆగాను. ఆ ఒక్క క్షణాన్ని నేను మరచిపోలేకపోతున్నాను. ఆ తర్వాతే గడియ తీసి పరుగెత్తాను.

బాపు గోడకు చేరగిలబడి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. తడిగుడ్డతో రంధ్రం తుడిచి, నర్సు నేర్పినట్టు ముందుకు వంచి వీపు తట్టి, రంధ్రంలో అమర్చిన గొట్టం తీసి శుభ్రం చేశాను. గొట్టం రెండుసార్లు చేతిలోంచి జారింది. చివరికి ఊపిరి ఈలలా లోపలికి పోయింది. లోపల గదిలో ఫోన్ అరుస్తూనే ఉంది.

కాసేపటికి బాపు నా భుజం పట్టుకుని లేచాడు. నేను వద్దంటున్నా లోపలికెళ్లి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎవడివి నువ్వు? మాట్లాడవేం? నోరు లేదా?" అన్నాడు యూనిఫాం మనిషి.

బాపు మెడ చుట్టూ ఉన్న కండువాను కిందికి లాగాడు. ఫోన్‌ను ఆ రంధ్రం ముందు పెట్టి అట్లాగే పట్టుకున్నాడు. లోపలికి, బయటికి ఊపిరి చప్పుడు మాత్రమే. అవతలివాడే కాల్ కట్ చేశాడు.

అంతటితో భయం పోలేదు. కొత్త నంబర్ల నుంచి మళ్లీ మళ్లీ ఫోన్లు వచ్చాయి. హైవే మీద ఏ జీపు వేగం తగ్గినా నా కోసమే అనుకునేదాన్ని. మా ఆయనకు సగమే చెప్పాను. సోమవారం సెలవు పెట్టి ఉత్తరం తీసుకుని నల్గొండలో పెద్ద పోస్టాఫీసుకు పోయాను. కౌంటర్‌లో నా ఈడు ఆడమనిషి ఉంది. ఉత్తరం అందించి, ఫోన్ సంగతి చెప్పాను.

ఆమె ఉత్తరాన్ని రెండువైపులా చూసి, పార్శిల్ నంబర్ కంప్యూటర్‌లో కొట్టింది. "గీ ఉత్తరం అసలుదే మేడం. గా ఫోనే దొంగది. పైసలేమన్న పంపిన్రా?"

"లేదు."

"మంచిగైంది. మీ డబ్బా హైదరాబాద్ల భద్రంగున్నది. డాక్టర్ చీటీ, బిల్లు, ఆధార్ పెట్టి జవాబు రాయిన్రి. పన్ను ఎంతో వాళ్లే లెక్కగట్టి రాసి పంపుతరు. పోస్ట్‌మ్యాన్ తెచ్చినప్పుడు కట్టి రసీదు తీస్కోవాలె. ఫోన్ల పన్ను ఎవరు అడగరు."

"నాకు పార్శిల్ ఉందని వాళ్లకెట్ల తెలిసింది?"

"ఏం తెల్వది. వందమందికి గిట్లనే ఫోన్లు జేస్తరు. మీ లెక్క పార్శిల్ తెప్పించుకున్నోళ్లు ఒకరిద్దరు దొరుకుతరు."

ఆ కౌంటర్ ముందే నేను బెంచీ మీద కూలబడ్డాను. ఆమె లోపలి నుంచి నీళ్లు తెచ్చిచ్చింది.

పార్శిల్ రావడానికి మరో నెల పట్టింది. పోస్ట్‌మ్యాన్ కస్టమ్స్ సుంకం అనగానే నా చెయ్యి పర్సు దగ్గరే ఆగిపోయింది. అతను విసుక్కోకుండా డబ్బా మీద అంటించిన చీటీ చూపించి, రసీదు రాసి, ఆ తర్వాతే డబ్బు తీసుకున్నాడు. డబ్బాను ఎవరో విప్పి చూసి మళ్లీ టేపు వేసిన గుర్తులున్నాయి.

మెడ మీద ఎక్కడ ఆనించాలో బాపుకు తెలియడానికే పది రోజులు పట్టింది. మొదట్లో తుమ్మెద గదిలో చిక్కుకున్నట్టు ఒకటే రొద. ఒక సాయంత్రం నేను నోట్‌బుక్కులు దిద్దుతుంటే ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. యంత్రాన్ని మెడకు ఆనించాడు. ఎత్తుపల్లాలు లేని, మనిషిది కాని స్వరంలో ఒక్కో మాటా విడివిడిగా వచ్చింది.

"గా రోజు... తలుపు... ఎందుకు తియ్యలే?"

"భయమైంది బాపు."

"నాకు గూడ." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "లోపట... నువ్వేమన్న... జేసుకుంటున్నవనుకున్న."

ఆ మాట నాకు ఎన్నడూ తట్టలేదు. ఏడుస్తూ, గడియ వేసుకుని, పిలిస్తే తల ఊపుతున్న కూతురిని కిటికీలోంచి చూసి ఆయన ఏమనుకుని ఉంటాడో నేను ఒక్కసారైనా ఆలోచించలేదు. నోట్‌బుక్కులు పక్కన పెట్టాను. ఉత్తరం దాచిన దగ్గర్నుంచి, వాడు లేవొద్దంటే నేను ఆగిన ఆ క్షణం దాకా, ఎవరికీ చెప్పనిదంతా ఆయనకు చెప్పాను. బాపు యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని చివరిదాకా విన్నాడు.