రేకుల గదిలో వేడి యోగా

మా పుట్టింటివాళ్లది గద్వాలలో చీరల దుకాణం. చెప్పిన ధరకు ఒప్పుకోవడం మా ఇంట్లో పరువు తక్కువ పని.

మూసిన వేడి గదిలో చెమటలు కక్కుతూ చేసే యోగా హైదరాబాదులో నేర్చుకున్నాను. మా అత్తారింటి మిద్దె మీది రేకుల గది ఎండకు దానంతటదే కాలుతుంది కాబట్టి హీటర్ కొనే పని తప్పిందని మురిసిపోయాను. మూడో నెల కడుపుతో ఉన్నా మానలేదు. ఒకరోజు అక్కడే కళ్లు తిరిగి కూలబడ్డాను. మా ఆయన వెంటనే వనపర్తి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు.

"ఇగ ఆ గదిలకు పోవద్దు," అందామె అంతా విని.

"అరగంటనే చేస్త మేడమ్."

"వద్దు."

"పోనీ పావుగంట. కిటికీ గూడ తెరుస్త."

"ఏందమ్మా, చీర బేరమాడుతున్నవా? నీకు కిటికీ ఉంది. లోపలున్న బిడ్డకు ఏది?"

బేరం కుదరకపోతే లేచి నాలుగడుగులు వెయ్యాలి, వాళ్లే వెనక్కి పిలుస్తారని మా నాన్న నేర్పిన విద్య. లేచి తలుపు దాకా నడిచాను. డాక్టరమ్మ పిలిచింది, నన్ను కాదు, నా తర్వాతి పేషెంటును.

సిగ్గుపడుతూ నేనే వెనక్కి వచ్చాను. "మరి ఏం చెయ్యాలె మేడమ్?"

"పొద్దున చల్లగున్నప్పుడు, గాలాడే చోట తేలిక ఆసనాలు చెయ్. మంచిగ నీళ్లు తాగు. కళ్లు తిరిగితే ఆపి, నా దగ్గరికి రా."

మర్నాడు వరండాలో చాప పరిచాను. మా అత్త కంగారుపడింది.

"గిక్కడనా? తొవ్వల పోయేటోళ్లంత చూస్తరు పిల్లా!"

"చూడనీ అత్తమ్మా. నీ మనవరాలికి గాలి కావాల్నట."

"మనవరాలో మనవడో నీకేం తెల్సు?" అంటూనే చెంబుతో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది.