ఎడమ తలుపు అద్దం

మా ఆయన పోయిన ఏడాదికి, ఆయన అంబాసిడర్‌కు కొత్త రంగు వేయించాలని విజయనగరంలో ఒక పెయింటింగ్ షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన ఆ కారును కన్నబిడ్డలా చూసుకున్నారని చావుకు వచ్చినవాళ్లందరూ చెప్పారు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు గానీ, కారు విషయంలో వాళ్లు ఒక్క ముక్క కూడా అబద్ధమాడలేదు. స్క్రూ బిగించాలన్నా ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవారు కాదు. నన్నలా చూసుకున్నారని మాత్రం ఎవరూ అనలేదు.

షెడ్డు మేస్త్రి రెండు రకాలుగా చెయ్యొచ్చన్నాడు. అద్దాలకూ రబ్బర్లకూ టేపు అంటించి, పైన పాత పేపర్లు కప్పి రంగు కొట్టెయ్యడం ఒకటి. అద్దాలన్నీ ఊడదీసి, రబ్బర్లు తీసి, వాటి కింది తుప్పు గీకి అప్పుడు కొట్టడం రెండోది.

"టేపేసి కొట్టేస్తే బేగి అయిపోతాదమ్మా. గాని రబ్బరు అంచు కాడ రంగు పెచ్చులూడిపోతాది," అన్నాడు.

నేను నర్సుగా రిటైరైనదాన్ని. పుండు కడగకుండా కట్టు కట్టడం నాకు చేతకాదు. అన్నీ ఊడదీయమని చెప్పి అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చున్నాను.

ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండి బిర్రబిగుసుకుపోయింది. అంచు వెంట సబ్బునీళ్లు పోసి, మొద్దు రేకుతో కొంచెం కొంచెంగా లేపుతూ, లోపల్నుంచి ఇద్దరు అరచేతులతో నెట్టారు. అద్దం కిర్రుమంటూ బయటికొచ్చింది. రబ్బరు కింద గాడిలో ఏళ్లనాటి మన్ను, తుప్పు పొడి, ఎప్పుడో ఎండిపోయిన చీమలు. పనికొచ్చే రబ్బర్లను కడిగి నీడన ఆరబెట్టారు. చీలిపోయిన వాటికి కొత్తవి తెప్పించమన్నాను.

తర్వాత తలుపులు. లోపలి అట్టలు విప్పితే గానీ పక్క అద్దాలు ఊడిరావు. "ముందు ఎడమ తలుపు అద్దం పాడైంది, దిగదు," అని ముందే చెప్పాను. అది నేను కూర్చునే వైపు.

ఆ అద్దం ఎలా పాడైందో చెప్పాలి. మా ఆయన ప్రభుత్వ ఇంజినీరు. వాళ్లది బాప్టిస్టు మిషన్‌లో పంతుళ్ల కుటుంబం. మాదీ బాప్టిస్టు సంఘమే, కాకపోతే మావాళ్లు కూలి చేసుకుని బతికేవాళ్లు. దేవుడి ముందు అందరూ సమానమని రెండిళ్లలోనూ చెప్పేవారు. మా ఇంట్లో నమ్మేవారు కూడా. మా తమ్ముడు నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవాడు. శనివారం సాయంత్రాలు మేం మా అత్తవారింటికి వెళ్లేది ఆ మిల్లు మీదుగానే. రైలు గేటు పడి కారు ఆగితే, షిఫ్టు దిగిన తమ్ముడు తల నిండా నార నూగుతో పరుగెత్తుకొచ్చేవాడు. నేను అద్దం దింపేదాన్ని. వాడు తలుపు మీద చేతులు ఆనించి కబుర్లు చెప్పేవాడు. ఒకసారి తోటి కూలీలను వెంటబెట్టుకొచ్చి, "ఒరే, మా అప్పరా, నర్సమ్మ," అని చూపించాడు. మా ఆయన స్టీరింగ్ మీంచి చూపు తిప్పలేదు.

ఆ మరుసటి వారం అద్దం దిగలేదు. తిప్పే హ్యాండిల్ కూడా లేదు.

"లోపల పళ్లు అరిగిపోయాయి. ఆ పార్టు ఎక్కడా దొరకడం లేదు. అందుకే హ్యాండిల్ తీసేశాను," అన్నారు.

నమ్మాను. నమ్మి చెడినవాళ్లు లేరంటారు. ఆ మాట పుట్టించినవాళ్లు మా కారెక్కి ఉండరు.

తమ్ముడు ఆ తర్వాత కూడా వచ్చాడు. అద్దం అవతల వాడి పెదాలు కదిలేవి, మాట వినిపించేది కాదు. పాడైందని నేను లోపల్నుంచి చెయ్యి ఊపేదాన్ని. వాడికది పొమ్మన్నట్టు కనిపించిందేమో. కొన్నాళ్లు దూరంగా నిలబడి చూశాడు, తర్వాత అదీ మానేశాడు. మా అమ్మను పాతిపెట్టిన రోజు నేను గుప్పెడు మన్ను తీసుకోబోతే, అందరి ముందూ అన్నాడు: "తమ్ముడికి కారద్దం దించనేని సెయ్యి, మాయమ్మ మీద మన్నెయ్యక్కర్నేదు." అద్దం పాడైందని తర్వాత కబురు పెడితే నవ్వాడట. అప్పటినుంచి మాకు మాటల్లేవు.

షెడ్డులో ఎడమ తలుపు అట్ట విప్పిన మేస్త్రి లోపలికి చెయ్యి పెట్టి వెతికాడు.

"మిషను బాగానే ఉన్నాదమ్మా. అద్దం కింద ఎవులో సెక్క పెట్టినారు," అన్నాడు.

మూరెడు టేకు ముక్క. నున్నగా చిత్రిక పట్టి ఉంది. అద్దానికి గీత పడకుండా కొసకు సైకిలు ట్యూబు చుట్టి, ఇనుప తీగతో బిగించి ఉంది. ఆ తీగ మెలికలు నాకు తెలుసు, మా పెరటి కంచెకూ అవే మెలికలు. అద్దానికి గీత పడుతుందని అంత ఆలోచించిన మనిషి, నాకూ నా తమ్ముడికీ మధ్య ఏం పడుతుందో ఆలోచించలేదా? ఆలోచించే పెట్టారు. మంచి భర్త అని సమాధి రాయి మీద చెక్కించింది నేనే.

మేస్త్రి ఇంకో తలుపు హ్యాండిల్ తెచ్చి తగిలించి తిప్పాడు. అద్దం చప్పుడు లేకుండా దిగింది.

ఆ చెక్క పట్టుకుని ఆటోలో నెల్లిమర్ల వెళ్లాను. తమ్ముడు ఇంటి ముందు అరుగు మీద ఉన్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. జరిగి చోటిచ్చాడు. జరిగిందంతా చెప్పి చెక్క చేతికిచ్చాను. వాడు ఏడుస్తాడనుకున్నాను, తప్పయిపోయింది అప్పా అంటాడనుకున్నాను. అందుకోసమే అంత ఆత్రంగా వచ్చాను.

వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బావ పనితనం బాగున్నాది," అన్నాడు. చెక్క తిరిగి నా చేతిలో పెట్టి, కోపం లేకుండానే అడిగాడు.

"అద్దం దిగనేదు, సరే అప్పా. రైలెల్లిందాకా కారు అక్కడే ఉండీది గదా. తలుపు తీసుకుని దిగడానికి ఏటడ్డమొచ్చినాది?"

తలుపు తీసే పిడి అన్నేళ్లూ నా మోచేతి కిందే ఉంది.