పురుగు చూపిన వరస

మా రికార్డు కీపరు గారు పోయారని శుక్రవారం పొద్దున కల్లూరు నుంచి ఆయన అల్లుడు వచ్చి చెప్పాడు. విప్పబోయిన కట్టను మళ్లీ అరలో పెట్టేశాను. ఆ పూట ఏ పనీ చేతకాలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఇళ్లు చాలక మా ఆఫీసు డేరాల్లో నడిచేది. ఆయన సరంజామా అంతా ఒక దబ్బనం, పురికొస, అద్దుడు కాగితం, అట్ట ఊడిన ఆఫీసు మాన్యువల్. అంటుకుపోయిన ఫైలైనా, చెద తిన్న ఫైలైనా వాటితోనే సరిచేసేవారు. "ముందు పుస్తకం చూడప్పా, మళ్లీ చెయ్యి పెట్టు. మనకొచ్చిన కష్టం ఎవనికో ఒకనికి వచ్చే ఉంటాది. వాడు రాసిపెట్టింటాడు" అనేవారు.

నేను పుస్తకం చూడలేదు. ఒకసారి డేరా కారి కోయిలకుంట్ల వైపు భూమి ఫైలొకటి తడిసింది. మొగుడు పోయిన ఒక కూలి మనిషిది ఆ భూమి, రెండెకరాలు. అర్జీ ఏదీ రాలేదని రాసి ఆమె పట్టా రద్దు చేశారు. రద్దుకు ముందే ఇచ్చానని ఆమె మొత్తుకుంటోంది. మరుసటి రోజే విచారణ. కర్నూల్లో ఎండకు కరువా అనుకుని, పుటలకు నంబర్లు వేయకుండానే పురికొస తెంపి, ఒరుగులు ఆరబెట్టినట్టు కాగితాలన్నీ బయట పరిచాను. సుడిగాలి లేచింది. అన్నీ ఏరుకొచ్చాను గానీ వరస పోయింది. ఆమె అర్జీ దొరికింది. తేదీ ఉన్న మూలను మాత్రం పురుగు ఎప్పుడో తినేసింది.

ఏడుపు మొహంతో ఆయన ముందు పెట్టాను. తిట్టలేదు. మాన్యువల్ అంతా తిప్పారు, ఏమీ దొరకలేదు.

"పుస్తకంలో ల్యాకపోతే కాయితమే చెప్తాది. ఈడ కూచో" అన్నారు.

ఒక్కో కాగితాన్ని వెలుతురుకు పట్టారు. కట్టలో ఉండగా పురుగు ఒకే దారిన తొలిచిన బెజ్జం ఒకదాంట్లో వెడల్పు, ఇంకోదాంట్లో కాస్త సన్నం, కొంచెం పక్కకు జరిగి. బెజ్జానికి బెజ్జం కలుపుతూ దబ్బనానికి గుచ్చారు. కొత్త కాగితం పైన కుట్టడం మా పద్ధతి. అర్జీ వచ్చి రద్దు ఉత్తర్వుకు కింద చేరింది.

"ముందే ఇచ్చిందప్పా ఆయమ్మ" అన్నారు.

మరుసటి రోజు అధికారికి ఆ బెజ్జాలు చూపించి చెప్పింది కూడా ఆయనే. భూమి ఆమెకు నిలిచింది. వరస ఎట్లా చెదిరిందని నన్నెవరూ అడగలేదు. నా అదృష్టం అనుకున్నాను.

దహనం రోజున ఆమె అంత దూరం నుంచి వచ్చి, ఆడవాళ్లకు ఎడంగా నిలబడి ఏడ్చింది. ఆమెను చూశాక మనసు ఆగక, సోమవారం ఆ ఫైలు తీశాను. అన్నిటికీ పైన ఆయన రాసిచ్చిన సంజాయిషీ ఉంది. "నంబర్లు వేయక విప్పి ఆరబెట్టినది నేనే. తప్పు నాది." కింద ఆయన సంతకం.

ఆ సంజాయిషీ రాసిన ఏడాదే పై ఉద్యోగం నాకిచ్చారు. ఆయన రికార్డు కీపరుగానే పోయారు.

ఆ సంతకం పక్కన నా పేరు రాద్దామని కలం తీశాను. కుట్టిన ఫైల్లో కొత్త మాట చేర్చవచ్చునా లేదా అని అడగడానికి, అలవాటుగా ఆయన బల్ల వైపు తిరిగాను.