గఫూర్ సాహెబు పనికిరాని ప్రశ్నలు

నిన్న మా మనవరాలికి చలిజ్వరం వస్తే క్వినైను మాత్ర నూరి, తేనెలో కలిపి నాలుక మీద రాశాను. ఆ పిల్ల మొహం చిట్లించి సగం నా చొక్కా మీదే ఉమ్మేసింది. వేలికి అంటుకున్నది నేను నాకి చూశాను. అదే చేదు. ముప్పై ఏళ్లు ఆ చేదును సీసాల్లో పోసి జనానికి పంచినవాణ్ణి, నాకది కొత్త కాదు. అయినా అది నాలుకకు తగిలినప్పుడల్లా డాక్టర్ గఫూర్ సాహెబు గుర్తొస్తారు. ఆయన గుర్తొస్తే ఇప్పటికీ కాస్త ఒళ్లు మండుతుంది. పోయి చాలా కాలమైన మనిషి మీద ఇలా విసుక్కోవడం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ ఆయన దగ్గర కాంపౌండరుగా పదకొండేళ్లు పని చేసి ఉంటే మీరూ విసుక్కునేవారు.

మాది ఆత్మకూరు అవతల, నల్లమల అంచున ఉన్న ఒక పల్లె ఆసుపత్రి. రెండు గదులు, ఒక వరండా. తెల్లదొరల కాలం, రెండో యుద్ధం ఇంకా మొదలు కాలేదు. ఆ అడవి గాలికి మలేరియా తొక్కని ఇల్లు లేదు. ఎవరి పొట్ట నొక్కినా బల్ల చేతికి తగిలేది. ప్లీహం ఉబ్బి గట్టిపడితే జనం దాన్ని బల్ల అంటారు. అందుకని నాకొక అలవాటు పడింది. మనిషి గడపలో ఉండగానే మొహం చూసి, నీరసం అన్నారంటే చాలు, క్వినైను మిక్చరు సీసాలో పోసేసేవాణ్ణి. ఎక్కువసార్లు అది తప్పయ్యేది కాదు. పని చకచకా సాగిపోయేది. ఈ సాహెబు బదిలీ మీద వచ్చి ఆ పద్ధతంతా చెడగొట్టారు. కడుపునొప్పి అని వచ్చినవాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి, "నిద్ర ఎట్లా పడతాంది తల్లీ? తెల్లారకముందే మెలకువ వస్తాందా? సంగటి రుచిగా ఉండాదా? నలుగురితో మాట్లాడబుద్ధి అవుతాందా?" అని మొదలుపెట్టేవారు. కడుపునొప్పికీ వీటికీ సంబంధమేమిటో నాకు అంతుపట్టేది కాదు. బయట జనం మూలుగుతుండేవారు. ఒకరోజు ఓపిక నశించి, "సాబ్, శానామంది ఉండారు. ఇట్లైతే పొద్దు గూకుతాది" అన్నాను.

"గూకనీలేప్పా దాసూ," అన్నారు. నా పేరు యేసుదాసు, ఆయన నోట్లో సగమే మిగిలేది. "కడుపునొప్పి అని వచ్చినోళ్లందరికీ జబ్బు కడుపులోనే ఉండాదని నీకెవరు జెప్పినారు?" ఆ తర్వాత తాపీగా రోగి వైపు తిరిగి, మళ్లీ నిద్ర దగ్గర నుంచి మొదలుపెట్టారు.

ఒక ఎండాకాలం కలరా వచ్చిందని ఆయన్ను నెల రోజులకు పైగా పల్లెల మీదికి పంపారు. ఆసుపత్రి నా చేతికి వచ్చింది. దాపరికమెందుకు, సంతోషించాను. అప్పుడే తిరుపాలమ్మ వచ్చింది. జొన్నచేలు చేసుకునే మద్దిలేటి భార్య, ముప్పై ఏళ్లు ఉంటాయేమో. "ఒళ్లంతా బరువుగా ఉండాదప్పా. పని మీదికి చెయ్యి పోదు. గుండె ఊరికే దడదడ అంటాది" అంది. నేను పొట్ట నొక్కలేదు, జ్వరం చూడలేదు. సీసా నింపి ఇచ్చాను. వారం తర్వాత అదే మాటతో వస్తే మోతాదు పెంచాను. మూడో వారం, "చెవుల్లో హోరు పెడతాందప్పా" అంది. చెవులు హోరెత్తితే మందు ఒంటికి పట్టినట్టే అని మా కాంపౌండర్ల లెక్క. "మంచిదే, పని చేస్తాంది, ఆపొద్దు" అని మరో సీసా ఇచ్చాను. నాలుగో వారమూ అదే జరిగింది. ఐదో వారం ఆమె రాలేదు. నయమైందనుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను.

సాహెబు తిరిగొచ్చిన మర్నాడు మద్దిలేటి వచ్చి మందు అడుగంటిన సీసా మేజా మీద పెట్టాడు. "ఇది మందుతో పొయ్యేది కాదు సాబ్. చెవిలో ఎవరో పిలుస్తాండారంట. అమావాస్యకు భూతవైద్యుని కాడికి పిల్చకపోతాండా. జుట్టు కట్టేసి వేపమండలతో కొడితే దిగుతాదంట."

"పోదువులే. దానికి ముందు ఒక్కసారి ఈడికి పిల్చకరా."

ఆ సాయంత్రమే పిలుచుకొచ్చాడు. సాహెబు ఆమె పొట్ట నొక్కారు, బల్ల లేదు. జ్వరం చూశారు, లేదు. "ఈ హోరు ఎప్పట్నించి తల్లీ?" అని అడిగారు. "ఈ మందు తాగినప్పట్నించి" అంది. ఆయన నా వైపు చూశారు. తిట్టి ఉంటే బాగుండేది. "మందు నిలిపెయ్. ఆ పిలిచేటోడు నాలుగు దినాల్లో వాడే పోతాడు" అన్నారు. అంతటితో అయిందనుకున్నాను. ఆయన స్టూలు దగ్గరికి లాక్కుని తన ప్రశ్నలు మొదలుపెట్టారు. కోడి కూయకముందే మెలకువ. నాలుగు నెలలుగా నోటికి రుచి లేదు. ఆవు ఈనితే కూడా సంతోషం లేదు. పక్కన మద్దిలేటి గొణిగాడు: "ఈమెకేం తక్కువైంది సాబ్? తిండికి లేదా, గుడ్డకు లేదా?"

"చలిజొరం ఏం తక్కువైందని వస్తాదప్పా? ఇదీ జబ్బే." అని చెప్పి, సంగటి రుచి అడిగిన గొంతుతోనే ఆమెను అడిగారు: "చచ్చిపోదామని అనిపిస్తాందా తల్లీ?"

మద్దిలేటి లేచి నిలబడ్డాడు. నాకు ఒళ్లు తెలియలేదు. రోగుల ముందు ఎప్పుడూ గొంతు ఎత్తనివాణ్ణి, "ఏం మాటలు సాబ్ ఇవి! లేని ఆలోచన మీరే పుట్టిస్తాండారు" అని అరిచాను. ఆయన నా వైపు తిరగలేదు. "చెప్పు తల్లీ" అన్నారు. "చేని బావి కాడికి మూడు దినాలుగా పోతాండా. పసిదాన్ని ఎవరు చూస్తారని గట్టు మీంచి తిరిగొస్తాండా" అంది. అప్పటిదాకా చుక్క నీరు రాని కళ్లు అప్పుడు కారాయి. మద్దిలేటి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే గొంతుకూర్చున్నాడు. ఆ మాట ఆమె మనసులో సాహెబు పెట్టింది కాదని, అడగబట్టి బయటపడిందని నాకు అర్థమైంది. చాలా సిగ్గుపడ్డాను.

"దీనికి నీ జాడీలో మందు లేదు దాసూ" అన్నారు ఆ తర్వాత. ఆమెను ఒంటరిగా వదలొద్దని, సోమరితనమని తిట్టొద్దని, మూడు రోజులకొకసారి పిలుచుకు రమ్మని మద్దిలేటికి చెప్పారు. నాలుగో రోజుకు హోరు పోయింది. దాంతో మద్దిలేటికి నమ్మకం కుదిరి భూతవైద్యుని మాట మానేశాడు. రిజిస్టరులో నేను నాలుగు చోట్ల మలేరియా అని రాసుకున్నాను. సాహెబు నాలుగూ కొట్టేసి మనోవ్యాధి అని రాసి, ప్రతి కొట్టివేత పక్కనా నా చేత సంతకం పెట్టించారు. అంత చాదస్తం! ఆమె వచ్చినప్పుడల్లా అరగంట ఆయన కదిలేవారు కాదు, బయట జనాన్ని నేను సముదాయించలేక చచ్చేవాణ్ణి. ఒకరోజు బాగుంటే మూడు రోజులు మళ్లీ మొదటికి వచ్చేది. జొన్నలు కంకి పట్టే కాలానికి ఆమె వస్తూనే, "సంగట్లో ఉప్పు కుమ్మరిస్తాడు సాబ్ ఈయప్ప, నోట్లో పెట్టుకోను కాదు" అని మొగుడి మీద చాడీ చెప్పింది. సాహెబు మొహం వెలిగిపోయింది. "ఉప్పు తెలిసిందా తల్లీ?" అని రెండుసార్లు అడిగారు.

ఆయన బదిలీ అయి వెళ్లాక ఆ ప్రశ్నలు నేను అడగడం మొదలుపెట్టాను. ఇప్పటికీ అడుగుతాను. ఎవరైనా ముభావంగా కనిపిస్తే నిద్ర దగ్గర మొదలుపెట్టి ఆ చివరి ప్రశ్న దాకా వెళ్తాను. ముసలాడికి అపశకునం మాటలు తప్ప రావని ఇంట్లో కసురుకుంటారు. కసురుకోనీ. సాహెబు మీద నాకున్న విసుగు ఎన్నడూ పోలేదు గానీ, అందులో సగానికి పైగా నా మీదిదే.

ఆయన వెళ్లిన మరుసటి ఏడు తిరుపాలమ్మ కూతురికి జ్వరమని వచ్చింది. పొట్ట నొక్కి, జ్వరం చూసి, మందు ఇచ్చాను. వెళ్లబోతూ గడపలో ఆగింది. "ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దప్పా. నెల దినాలు నీ కాడికే వస్తిని గదా. ఒక్కసారన్నా నువ్వెందుకు అడగలేదు?" నిష్ఠూరంగా అనలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. జనం ఎక్కువగా ఉండిరి తల్లీ అనబోయాను. కానీ చెవుల్లో హోరని చెప్పడానికి ఆమె వచ్చిన పొద్దు ఆసుపత్రిలో ఇంకొక మనిషి లేడు. అది నాకు ఎంత గుర్తుందో ఆమెకూ అంతే గుర్తుంది.