మూడో చక్రం

నా చిన్నప్పుడు ఒక దసరా నాడు నేను మా తాతను అనుమానించాను. పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో సరుకు పెట్టెలను లాగే ఆవిరి ఇంజను ఉండేది. దాని చక్రాలను సుత్తితో తట్టి చూడటం ఆయన పని. ఏళ్ల తరబడి చాకిరీ చేసి షెడ్డులో తుప్పు పట్టిన ఆ ఇంజనును ఆ ఏడు మళ్లీ బాగుచేశారు. నల్లరంగు పూసి, ఇత్తడి భాగాలను మెరిసేలా తోమారు. ఆయుధపూజ కాగానే కార్మికుల పిల్లలను ఎక్కించి పట్టాల చివరిదాకా తిప్పుతామన్నారు. కొత్త గౌను వేసుకుని అందరికంటే ముందు నేనే నిలబడ్డాను.

మా తాత మూడో చక్రం దగ్గర ఆగి, ఇంజనును కదిలించవద్దన్నాడు.

"నడిపే పని తనకియ్యలేదని ముసలోనికి కడుపుమంట," అన్నాడొక ఫిట్టరు. అందరూ నవ్వారు. నాకూ అదే నిజమనిపించింది. పొద్దున ఆయన డ్రైవరు వంక చూసిన చూపు నేను గమనించాను. ఆయన చేతిలోంచి నా చెయ్యి లాగేసుకున్నాను.

ఆయన కోప్పడలేదు. సుత్తి నాకిచ్చాడు. "అంగట్ల మీ అమ్మ కుండను ఎట్ల కొంటది బిడ్డా? గట్లనే కొట్టి సూడు."

మొదటి చక్రం ఖంగుమంది. రెండోదీ అంతే. మూడోది మొద్దుగా పలికింది.

"రంగు వేశాక కూడా వంకలేనా పెద్దాయనా?" అన్నాడు కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు.

"నన్ను నమ్మకుండ్రి సారూ. జెర గీకి సూడుండ్రి."

గీకితే రంగు కింద వెంట్రుకంత పగులు. ఇంజనీరు పిల్లలమైన మా అందరి వంకా ఒక్కొక్కరినే చూసి, ఇంజను పొయ్యి ఆర్పమన్నాడు. నేను ఏడ్చాను గానీ తాత చెయ్యి మళ్లీ పట్టుకున్నాను. ఆయనకు ఆ డ్రైవరు మీద కడుపుమంట కూడా ఉండే ఉంటుంది. ఆ పగులుకు దానితో పనిలేదు.

ఇంజను ఆ తర్వాత ఎన్నడూ నడవలేదు. గేటు ముందు సిమెంటు దిమ్మె మీద నిలబెట్టారు.

అరవై దాటాక నాకు అక్షరాలు వచ్చాయి. మొన్న అక్కడికి వెళ్లి దిమ్మెకున్న బోర్డును కూడబలుక్కుని చదివాను. 'ఏ లోపమూ ఎరుగని ఇంజను' అని ఉంది. తప్పు చదివానేమోనని మళ్లీ చదివాను. తర్వాత గులకరాయి తీసుకుని చక్రాలను తట్టాను.

"ఏం జేస్తున్నవమ్మా?" అని వాచ్‌మన్ కేకేశాడు.

"దాన్నే అడుగుతున్న బిడ్డా."

మూడోది ఇంకా మొద్దుగానే పలికింది.

ఇప్పుడు ఎవరైనా కాగితం చాపి, అంతా బాగుంది, సంతకం పెట్టమంటే, అందులో మూడో చక్రం ఎక్కడుందో వెతుకుతాను.