రేవులో కూర్చున్నావిడ పాట

మా వైపు ఆడవాళ్ళు పాడమనగానే పాడరు. గొంతు బాగాలేదంటారు, జలుబంటారు, పాడి ఎన్నాళ్ళయిందో అంటారు. నాలుగుసార్లు బతిమాలించుకున్నాక పైట సర్దుకుని మొదలుపెడతారు. మొదటిసారి అడగ్గానే పాడేస్తే, ‘ఎప్పుడడుగుతారా అని కూర్చుంది’ అని వెనకాల నవ్వుకుంటారు. ఈ మర్యాదని నేను కాకినాడ నుంచి దోహా దాకా భద్రంగా తెచ్చుకున్నాను.

ఫుట్‌బాల్ వరల్డ్ కప్ కోసం ఊరంతా తవ్వి పోసిన రోజులవి. పొద్దున వెళ్ళిన దారి సాయంత్రానికి మూసేసి ఉండేది. మా ఆయన లుసైల్‌లో ఇంజనీరు, ఇంటికొచ్చాక కూడా కాంక్రీటు గురించే మాట్లాడేవారు. మేము ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఉండేవాళ్ళం. మా కాంపౌండ్‌లోనే పక్క విల్లాలోకి ఒక జపాను జంట వచ్చింది. ఆయన మెట్రో పని మీద వచ్చాడు, ఆవిడ నాలాగే మొగుడి వెంట వచ్చింది. మా ఆడవాళ్ళిద్దరిదీ ఇంచుమించు ఒకటే వయసు, యాభైకి దగ్గర. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటివే కాబట్టి స్నేహం సమంగా నడిచింది.

ఒక మధ్యాహ్నం ఆవిడ నన్ను పాటలకి పిలిచింది. వాళ్ళ హాల్లో ఇంకో ముగ్గురు జపాను ఆడవాళ్ళు, టీవీ, దానికి తగిలించిన కరోకే పెట్టె. వాద్యాలన్నీ పెట్టె వాయిస్తుంది, మాటలు తెర మీద వస్తాయి, గొంతు మాత్రం మనది. అన్నీ పాత పాటలే, వాళ్ళు పరికిణీలాంటివి వేసుకుని బడికి వెళ్ళిన కాలం నాటివి. ఒకావిడ కళ్ళు మూసుకుని, నిజంగానే కన్నీళ్ళు కారుస్తూ పాడింది. అవగానే కళ్ళు తుడుచుకుని ఒక బిస్కెట్ తీసుకుంది. నాకు ముచ్చటేసింది.

మైకు నా దగ్గరకొచ్చింది. “అయ్యో, నాకు రాదండీ, గొంతు కూడా బాగాలేదు” అన్నాను ఇంగ్లీషులో, సిగ్గుపడుతూ. లోపల మాత్రం మన పాత సినిమా పాట ఒకటి పల్లవితో సహా సిద్ధంగా ఉంది. ఇంటావిడ ‘పాపం’ అన్నట్టు తల ఊపి, మైకు పక్కావిడకిచ్చి, లోపలికెళ్ళి వేడినీళ్ళలో తేనె కలిపి తెచ్చింది. రెండో చుట్టులోనూ నన్ను దాటేశారు. మూడో చుట్టులో ఇంకో గ్లాసు తేనె నీళ్ళు వచ్చాయి. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది, ఇక్కడ రాయను. నోరు తెరవకుండా ఇంటికొచ్చాను. ఒళ్ళు మండిపోయింది, వాళ్ళ మీద కాదు.

తర్వాతి వారం మైకు నా వైపు రాకముందే లాక్కున్నాను.

ఆపైన వాళ్ళ పాటలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. జపాను మాటలు చాలావరకు మన మాటల్లాగే చివర అచ్చుతో ఆగుతాయి, అందుకని తెలుగు అక్షరాల్లో చక్కగా ఒదిగాయి. పప్పు తాలింపు వేస్తూ పాడుకునేదాన్ని. అన్నిట్లోకీ నాకు పట్టుకున్నది ఒక రేవు పాట. చలికాలం, ఓడరేవు పక్కన చిన్న కొట్టు, అందులో నడివయసు ఆవిడ ఒక్కతే కూర్చుని బియ్యపు సారా తాగుతూ ఉంటుంది. ఆవిణ్ణి విడిచిపెట్టి పోయిన మొగుడు ఇప్పుడు మళ్ళీ రమ్మని కబురు పెట్టాడు. అతని ఊరికి వెళ్ళే ఓడ బయట కూత వేస్తోంది. ‘నువ్వెళ్ళు, నేను రాను’ అంటుంది ఆవిడ ఓడతో. మా పక్కావిడ అర్థం చెబుతుంటే నాకు ఏడుపొచ్చేసింది. నన్నెవరూ విడిచిపెట్టలేదు, మా ఆయన బంగారం. అయినా వచ్చింది. ఒక ఆడది ‘రాను’ అనడం పాటలో వినడం నాకదే మొదటిసారి.

ఆ పాట అందరి ముందూ పాడాలనిపించింది. ఎందుకో చెప్తాను. మా తెలుగువాళ్ళ సంఘం వార్షికోత్సవంలో ఏళ్ళ తరబడి ప్రార్థన నాది. ప్రార్థన అంటే జనం ఇంకా కార్లు పెట్టుకుంటూ, కుర్చీలు వెతుక్కుంటూ, పిల్లల్ని బాత్రూముకి తీసుకెళ్తూ ఉండగా పాడేది. నలభై దాటిన ఆడదానికి స్టేజీ మీద దొరికేది అదొక్కటే, తర్వాత ముగ్గుల పోటీకి జడ్జిగా కూర్చోబెడతారు. ఇన్నేళ్ళూ నేను పాడాను గానీ ఎవరూ వినలేదు. ఒక్కసారి, జనం కూర్చున్నాక, నాకు నచ్చిన పాట పాడాలి. నాకు కావలసింది అంతే.

సంఘం కార్యదర్శికి ఫోన్ చేశాను, నా తమ్ముడి వయసువాడు. “అర్థమేంటి అక్కయ్యగారూ?” అని అడిగాడు. సారాతో సహా చెప్పాను.

“బాబోయ్! ఫ్యామిలీలొచ్చే ఫంక్షనండీ. అయినా ఈసారి మన థీమ్ ఫుట్‌బాల్. పిల్లలు బంతులతో డాన్స్ చేస్తున్నారు. మీరు ప్రార్థన పాడెయ్యండి. మీ గొంతుకి దేవుడి పాటలే బాగుంటాయి.”

“నా గొంతు నువ్వెప్పుడు విన్నావు బాబూ? నేను పాడేటప్పుడు నువ్వు గేటు దగ్గర ఉంటావు.”

అతను నవ్వేసి, “ప్రార్థనే అక్కయ్యగారూ” అని ఫోన్ పెట్టేశాడు.

సంగతి మా ఆయనకి చెప్పాను. ఎలాగైనా పాడతానని కూడా చెప్పాను. “జనం నవ్వుతారేమోనే” అన్నారు. “నవ్వనివ్వండి. వింటున్నారని అప్పుడైనా తెలుస్తుంది” అన్నాను. ఫంక్షన్ రోజు కట్టుకోవాల్సిన చీర ఆయనే ఇస్త్రీకి ఇచ్చొచ్చారు.

శుక్రవారం స్కూలు ఆడిటోరియంలో ప్రార్థన పాడాను. యథాప్రకారం కుర్చీల చప్పుడు, పిల్లల గోల. పాట అయ్యాక మైకు వదల్లేదు. ఊరికే నిలబడ్డాను. పక్కనుంచి కార్యదర్శి చేతులు ఊపుతున్నాడు, వెనక పిల్లలు బంతులు పట్టుకుని తయారుగా ఉన్నారు. ఏమైందా అని జనం ఒక్కొక్కరే చూడటం మొదలుపెట్టారు, చూస్తూ కూర్చున్నారు. హాలు సద్దుమణిగింది.

“దేవుడిది అయింది. ఇప్పుడు నాదొకటి” అన్నాను. ఇది జపాను పాట అని చెప్పాను. రేవులో ఆవిడ సంగతి, మొగుడి కబురు, ఓడ, అన్నీ చెప్పాను. సారా కూడా దాచలేదు.

పెట్టె లేదు, వాద్యం లేదు. మూడో వరసలో, నేను పిలిస్తే వచ్చిన మా జపాను పక్కావిడ తొడ మీద తాళం వేస్తోంది. రెండో చరణంలో నా గొంతు జీరపోయింది, ఆపలేదు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వెనకాల, లేబర్ క్యాంపుల నుంచి బస్సులో వచ్చిన కుర్రాళ్ళలోంచి ఒక ఈల వినిపించింది. అది మెచ్చుకోలో వెక్కిరింతో తెలీదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. చివరి అక్షరం దాకా పాడి, మైకు కార్యదర్శి చేతిలో పెట్టి దిగాను.

“మీరిలా చేస్తారనుకోలేదండీ” అన్నాడు అతను. అక్కయ్యగారూ అనలేదు. మరుసటేడు ప్రార్థన ఇంకొకరికిచ్చారు. దేవుడైతే ఏమీ నొచ్చుకున్నట్టు లేదు.

ఆ రోజు భోజనాల దగ్గర పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడి ఉంటే ఒకావిడ నా దగ్గరకొచ్చింది. ఉమ్ సలాల్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తుందట, జగిత్యాల దగ్గర పల్లె. సెలవు దొరికితే వచ్చింది. నా వయసే ఉంటుంది.

“అక్కా, గా పాటల ఆమె మల్ల ఆయన దగ్గరికి పోయిందా?” అని అడిగింది.

ఇన్నేళ్ళ ప్రార్థనల్లో నా పాట గురించి నన్నెవరూ ఒక్క ముక్క అడగలేదు.

“వెళ్ళలేదమ్మా” అన్నాను.

“మంచి పని జేసింది” అంది ఆవిడ. “నేను గూడ పోలే.”