చార కలిసేదాకా

చొక్కాల దుకాణంలో ఆయన కుట్టేది కాలర్లే. చారల గుడ్డ వచ్చిందంటే పని ఆయన చేతికే వెళ్ళాలి. కాలరు మీది చార, భుజం మీది చార ఒకే గీతగా కలిసేదాకా సూది దింపడు. అందుకే అందరికీ ఆయన కాలర్ల మాస్టరు. కోపమొస్తే కట్టుకున్నావిడా అలాగే పిలిచేది.

ఆవిడ ఇంట్లో కూర్చుని ఆ చొక్కాలకే కాజాలు కుట్టేది. జబ్బు బయటపడ్డాక, మందు మొదలుపెడితే జుట్టంతా ఊడిపోతుందని డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చి, జడ ముందుకు వేసుకుని కొసదాకా నిమురుకుంటూ కూర్చుంది.

"నాదంటూ ఒక్క ఫోటో లేదండీ," అంది చివరికి. "పెళ్ళి ఫోటోలో సగం మొహం మా పెద్దమ్మ భుజం వెనకే ఉండిపోయింది."

"స్టూడియోకి వెళ్దాం పద."

"అక్కడ నవ్వమంటారు. మీరు తీస్తే నవ్వమనక్కర్లేదు, దానంతటదే వస్తుంది."

మర్నాడే ఆయన పాత కెమెరాల కొట్టుకు వెళ్ళాడు. కొట్టతను ముందు, తనంతట తానే ఫోకస్ చేసుకునే కెమెరా తీశాడు. మాస్టరు దాన్ని పక్కన పెట్టేశాడు. రెండోది ఇనప ముద్దలా బరువుగా ఉంది. అంచుల్లో నలుపు రాలి ఇత్తడి బయటపడింది. కంటికి ఆనించాడు. నడిమధ్య చిన్న గుండ్రంలో ఎదుటి తలుపు అంచు రెండు ముక్కలై కనిపించింది. లెన్సు మీది పట్టీ తిప్పేకొద్దీ ముక్కలు జరిగి జరిగి ఒకే గీతయ్యాయి.

"ఓరి, నేను రోజూ చేసే పని ఇదేగా!"

"మరింకేం మాస్టారూ, మీ కోసమే పుట్టింది. ఒక్కటి మాత్రం మర్చిపోకండి. ఫోటో తీసి ఈ లీవరు లాగినప్పుడల్లా ఎడమ పక్క నాబ్ తిరుగుతోందో లేదో చూడండి. తిరిగితేనే లోపల ఫిల్ము రీలు నడుస్తున్నట్టు."

ఇంటికొచ్చి రీలు కొస గాడిలో దూర్చి మూత వేశాడు. ఆవిడ జుట్టు విరబోసుకుని, ఆయన కుట్టిచ్చిన చారల కాలరు జాకెట్టు తొడుక్కుని, ఎండ పడే మెట్టు మీద కూర్చుంది.

"నా మొహమేమన్నా కాలరా, అంతసేపు సరిచూస్తారు?"

"కదలకు. చార కలవలేదు."

"ఇన్నేళ్ళ కాపురంలో కలవనిది ఇప్పుడు కలుస్తుందా!"

నవ్వింది. నొక్కాడు. జుట్టు దోసిట్లో పోసుకుని చూసుకుంది. నొక్కాడు. రీలు మీద ముప్పై ఆరని రాసుంది. అది దాటినా లీవరు వస్తూనే ఉంటే, కొట్టతను కాస్త ఎక్కువే ఇచ్చాడని మురిసిపోయాడు. రీలు వెనక్కి చుడితే చిటికెలో అయిపోయింది. మొదటిసారి కదా, అదేమిటని తోచలేదు.

మందు మొదలై, ఆస్పత్రి తిరుగుళ్ళలో రీలు కడిగించడానికి వారాలు పట్టింది. కడిగే మనిషి దాన్ని దీపానికెత్తి చూసి, గొంతు తగ్గించాడు. "ఖాళీ అండీ. కొస జారిపోయింది. లోపల అసలు నడవలేదు."

మాస్టరు గుర్తు చేసుకున్నాడు. ఫోటోలు తీసిన ఆ పొద్దున ఒక్కసారి కూడా నాబ్ వైపు చూడలేదు. ఆవిడనే చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చేసరికి ఆవిడ తలకు గుడ్డ చుట్టుకుని, దిండు మీది వెంట్రుకలు ఏరుకుంటోంది.

"ఎలా వచ్చాయండీ?"

నోరు తెరిచాడు. "బాగొచ్చాయి," అన్నాడు.

"ఇప్పుడు చూపించకండి. ఈ బోడిగుండుతో చూసుకుంటే ఏడుపొస్తుంది. జుట్టు మొలిచాక ఇద్దరం చూద్దాం."

"ఇలాగే ఇంకోటి తియ్యనా?"

"ఇప్పుడా? చాల్లెండి సంబడం. మంచివి ఉన్నాయిగా!"

తను ఆడిన మాటే తన దారికి అడ్డం పడుకుంది. ఇక ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు?

ఆస్పత్రి మంచం మీద ఆవిడ తరచూ అడిగేది, అన్నిట్లో ఏది బాగుందని. "జుట్టు దోసిట్లో పోసుకున్నది," అనేవాడు. కళ్ళు మూసుకుని, "ఆఁ, అది బాగుంటుంది," అనేది. ఆయన ఒక్కొక్కటే చెప్పేవాడు, ఎండ ఎక్కడ పడిందో, కాలరు ఏ పక్కకు తిరిగిందో. జుట్టు మొలవకముందే ఆవిడ వెళ్ళిపోయింది.

చాలా రోజులకు కొత్త రీలు కొని తెచ్చాడు. కొస లోపలి చక్రం పళ్ళకు పట్టిందో లేదో వేలితో తడిమి చూసుకుని మూత వేశాడు. మెట్టుకు ఎదురుగా, ఆనాడు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. చారలు లేవు గనుక మెట్టు అంచే చూసుకున్నాడు. రెండు ముక్కలూ కలిశాయి. నొక్కి, లీవరు లాగాడు.

ఎడమ పక్క నాబ్ చక్కగా తిరిగింది.